మన పప్పులో మొజాంబిక్

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకి పిలిచి "ఆఫ్రికా గురించి ఏదైనా చెప్పండి సార్" అన్నారు. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయండీ, నాకు తెలిసింది ఒక్కటే, అదీ సగమే. 2015 నుంచి 2019 దాకా మొజాంబిక్‌లో, నకాలా అనే రేవు ఊళ్లో, ఒక పప్పుల ఎగుమతి వ్యాపారి దగ్గర లెక్కలు రాశాను. అందుకని నేను చెప్పేది ప్రొఫెసర్ గారు చెప్పినట్టు ఉండదు, గోదాములో కూర్చున్నవాడు చెప్పినట్టు ఉంటుంది. పైగా పలాసలో నిలబడి జీడిపప్పు గురించి మాట్లాడాలి. తాతకు దగ్గులు నేర్పడమే. ఓపిక పట్టండి.

ముందు మ్యాప్ చెప్తాను. ఆఫ్రికా తూర్పు ఒడ్డున, మడగాస్కర్‌కి ఎదురుగా, పైనుంచి కిందికి రెండున్నర వేల కిలోమీటర్ల తీరం. అట్నుంచి ఇటు ఉన్నది మన హిందూ మహాసముద్రమే. వాస్కోడిగామా 1498లో కాలికట్ రాకముందు అక్కడ ఆగాడు. ఆ తర్వాత 1752 దాకా మొజాంబిక్ పాలన నడిచింది లిస్బన్ నుంచి నేరుగా కాదు, గోవా నుంచి. జీడిచెట్టుని బ్రెజిల్ నుంచి తెచ్చి ఇటు గోవాలోనూ అటు మొజాంబిక్‌లోనూ నాటింది ఆ పోర్చుగీసువాళ్లే. నేను వెళ్లిన కొత్తలో భాష ఒక్క ముక్క రాదు, కానీ వర్కర్లు "మేజా", "బాల్దె", "తువాల్యా", "మెస్త్రె" అంటుంటే ఎక్కడో విన్నట్టుందే అనిపించేది. మన మేజా, బాల్చీ, తువాలు, మేస్త్రీ అన్నీ ఆ ఓడల్లో దిగినవే కదా. అనాసపండుని వాళ్లూ అననాస్ అనే అంటారు.

మనకి గోవా 1961 డిసెంబర్‌లో వచ్చిందని పుస్తకాల్లో చదివాం. దాని దెబ్బ ఎవరికి తగిలిందో చదవలేదు. గోవా పోయిన కోపంతో పోర్చుగల్‌ని ఏలే సలాజార్ ప్రభుత్వం మొజాంబిక్‌లో ఉన్న భారతీయుల్ని క్యాంపుల్లో పెట్టి, ఆస్తులు లాక్కుని, దేశం నుంచి పంపించేసింది. గుజరాతీ దుకాణదారులు ఎక్కువ. మనం పండగ చేసుకుంటున్న రోజుల్లో వాళ్లు మూటలు కట్టుకుంటున్నారు.

మరుసటి ఏడాది, 1962 జూన్ 25న, టాంజానియా వైపు దార్ ఎస్ సలాంలో ఫ్రెలిమో అనే స్వతంత్ర పోరాట సంస్థ పుట్టింది. మొదటి నాయకుడు ఎడువర్డో మొండ్లానే, చదువుకున్నవాడు, అమెరికాలో డాక్టరేట్ చేసినవాడు. 1964 సెప్టెంబర్‌లో తుపాకులు పట్టారు. 1969లో మొండ్లానేకి ఒక పార్శిల్ వచ్చింది, విప్పితే బాంబు. ఆయన తర్వాత వచ్చినవాడు సమోరా మాషెల్. ఈయన నర్సు. ఆస్పత్రిలో నల్ల నర్సుకి ఒక జీతం, తెల్ల నర్సుకి ఒక జీతం, రాజకీయం అక్కడే నేర్చుకున్నాడు.

పదేళ్ల యుద్ధం ఎలా ముగిసిందంటే, పోర్చుగల్ సైన్యానికే విసుగొచ్చింది. 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో వాళ్ల సొంత ఆఫీసర్లే సర్కారుని కూల్చేశారు. ఏడాది తిరిగేసరికి, 1975 జూన్ 25న, మొజాంబిక్‌కి స్వతంత్రం.

ఇక్కడ కాస్త ఆగుతాను. మనకి 1947లో స్వతంత్రం వచ్చినప్పుడు రైళ్లు నడిపేవాళ్లు, కోర్టులు నడిపేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు మనవాళ్లు ఉన్నారు. అక్కడ నూటికి తొంభై మందికి పైగా చదువు రాదు. ఉన్న రెండున్నర లక్షల మంది పోర్చుగీసువాళ్లలో చాలామంది ఏడాదిలోపే వెళ్లిపోయారు. డాక్టరూ ఆయనే, ట్రాక్టర్ మెకానిక్కూ ఆయనే, ఆఖరికి టాక్సీ డ్రైవర్ కూడా ఆయనే, అందరూ ఓడెక్కారు. కొందరైతే వెళ్తూ వెళ్తూ యంత్రాలు పగలగొట్టి వెళ్లారు. అటువైపు నుంచి చూస్తే, కొత్త ప్రభుత్వం కూడా "24-20" అని ఒక ఆర్డర్ పెట్టుకుంది, అంటే 24 గంటల టైం, 20 కిలోల సామాను, దేశం వదిలిపో అని. దాన్ని అమలు చేసిన మంత్రి పేరు అర్మాండో గెబూజా. గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

స్వతంత్ర దేశానికి మొదటి అధ్యక్షుడైన సమోరా అంటే అక్కడ ఇప్పటికీ ప్రాణం పెడతారు. మా గోదాము డ్రైవర్ ఆయన పోయిన 1986 తర్వాత పుట్టినవాడు, అయినా ఆయన ఉపన్యాసాలు ఫోన్‌లో పెట్టుకుని వింటాడు. వచ్చీ రాగానే బడులు, ఆస్పత్రులు, భూమి జాతీయం చేశాడు, ఊరూరా టీకాలు వేయించాడు, పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పించాడు. మంచిదే. కానీ ఊళ్లని ఎత్తి సామూహిక గ్రామాల్లోకి తోయడం, నచ్చనివాళ్లని "తిరిగి విద్య నేర్పే" శిబిరాలకి పంపడం, 1983లో నగరాల్లో పనిలేనివాళ్లని పోగేసి ఎక్కడో ఉత్తరాన నియాసా అడవుల్లో దింపడం, ఇవి కూడా ఆయన హయాంలోనే. అభిమానం ఉన్నవాళ్లు ఈ రెండో సగం చెప్పరు, కోపం ఉన్నవాళ్లు మొదటి సగం చెప్పరు.

పక్కింటివాళ్ల సంగతి ఇంకా ఘోరం. పడమటి పక్క రొడీషియా, ఇప్పటి జింబాబ్వే, తెల్లవాళ్ల పాలన. దక్షిణాన దక్షిణాఫ్రికా, అదీ అంతే. 1976లో సమోరా రొడీషియా సరిహద్దు మూసేశాడు, బెయిరా రేవుకి వచ్చే ఆదాయం పోతుందని తెలిసీ మూసేశాడు. దానికి జవాబుగా రొడీషియా గూఢచారులు తయారుచేసిన దళమే రెనామో. 1980లో జింబాబ్వే స్వతంత్రమయ్యాక దాన్ని దక్షిణాఫ్రికా దత్తత తీసుకుంది. అయితే మొత్తం బయటివాళ్లే చేశారంటే అదీ నిజం కాదు, ఆ సామూహిక గ్రామాలతో కడుపు మండిన రైతులు కూడా రెనామోకి అన్నం పెట్టారు. రైలు పట్టాలు, బడులు, ఆస్పత్రులు, జీడి తోటలు, ఏది కనిపిస్తే అది తగలబెట్టారు. ఇటు ఫ్రెలిమో సైన్యమూ తక్కువ తినలేదు. పదహారేళ్లలో, ఆకలితో కలిపి, దాదాపు పది లక్షల మంది పోయారు. 1986 అక్టోబర్ 19న సమోరా విమానం దక్షిణాఫ్రికా కొండల్లో కూలింది. ఆ విమానంలోనే చనిపోయినవాళ్లలో గోవాలో పుట్టిన అకీనో ద బ్రగాన్సా కూడా ఉన్నాడు, సమోరాకి దగ్గరి సలహాదారు. మన దగ్గర ఎంతమందికి ఈ పేరు తెలుసు? సమోరా భార్య గ్రాసా మాషెల్, అప్పటి విద్యామంత్రి, తర్వాత 1998లో నెల్సన్ మండేలాని పెళ్లి చేసుకుంది.

1992 అక్టోబర్ 4న రోమ్‌లో శాంతి ఒప్పందం. సంతకాలు పెట్టినవాళ్లు సమోరా తర్వాత అధ్యక్షుడైన జోకిం షిసానో, రెనామో తరఫున అఫోన్సో ధ్లకామా. ప్రపంచంలో ఇలాంటి ఒప్పందాలు ఎన్ని చిరిగిపోయాయో మీకు తెలుసు, ఇది చిన్నాచితకా తగువులతో అయినా నిలబడింది. 1994లో ఎన్నికలు. ఊళ్లో ఎవడు ఎవర్ని చంపాడో అందరికీ తెలుసు, అయినా ఒకే బావి దగ్గర నీళ్లు తోడుకున్నారు. పొలాల్లో మందుపాతరలు ఏరడానికి 2015 దాకా పట్టింది. ఆ పనిలో ఎలుకలు కూడా ఉన్నాయండీ, పందికొక్కులంత ఉంటాయి, మందుగుండు వాసన పట్టి నేల గీకి చూపిస్తాయి. నవ్వకండి, అవి కాపాడిన కాళ్లు చాలానే ఉంటాయి.

ఇప్పుడు జీడిపప్పు. 1960లలో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ జీడి పండించిన దేశం మొజాంబిక్. యుద్ధంలో అది మూలనపడింది. యుద్ధం అయ్యాక, పిక్కలు కొట్టే ఫ్యాక్టరీలు మళ్లీ తెరుచుకుంటున్న టైంలో, ప్రపంచ బ్యాంకు వచ్చి ముడి జీడిపిక్కల ఎగుమతి మీద పన్ను తగ్గించండి, అప్పుడే అప్పు ఇస్తాం అంది. రైతుకి మంచి ధర వస్తుందని లెక్క చూపించింది. వచ్చింది అంతంతమాత్రం, మధ్యలో దళారులే తిన్నారు. ముడి పిక్కలు ఓడెక్కి మన దేశానికి వచ్చేశాయి, అక్కడ ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది, అందులో ఆడవాళ్లు ఎక్కువ, రోడ్డున పడ్డారు. ఇప్పుడు మీకు ఇబ్బందిగా ఉంటుందని తెలిసే చెప్తున్నాను. జీడి రసంతో వేళ్లు నల్లబడ్డ ఆడవాళ్లు ఈ హాల్లో ఉన్నారు, మీ అమ్మలు ఉన్నారు. అక్కడ ఆ పని పోయిన ఆడవాళ్ల వేళ్లూ అలాగే ఉండేవి. మీదేం తప్పు లేదు, వాళ్లదీ లేదు. లెక్క వేసింది వాషింగ్టన్‌లో.

ఇక కందిపప్పు, నా సొంత బాధ. 2015 చివర్లో మన దగ్గర కిలో రెండు వందల దాకా పోయింది, గుర్తుందా? సాంబారులో పప్పు వెతుక్కున్న రోజులు. మరుసటి ఏడాది జూలైలో ప్రధాని మోదీ వాళ్ల రాజధాని మపూటో వెళ్లారు, పప్పుల ఒప్పందం కుదిరింది, లక్ష టన్నులతో మొదలుపెట్టి రెండు లక్షల దాకా కొంటామని. వాళ్ల కంది మన దగ్గర పాత పంట అయిపోయి కొత్త పంట రాని నెలల్లో వస్తుంది, ఇద్దరికీ కలిసొచ్చేదే. అక్కడ దాన్ని ఫెయిజావ్ బోయెర్ అంటారు, వాళ్లు తినేది తక్కువ.

కొనుగోలు ఎలా ఉండేదంటే, జాంబేజియా, నంపులా లోపలి ఊళ్లలో చింతచెట్టు కింద ఒక వేలాడే కాటా, పక్కన టార్పాలిన్. పొద్దున్నే ఆడవాళ్లు కపులానా కట్టుకుని, అంటే మన లుంగీలాంటి రంగుల గుడ్డ, నెత్తిన పదిహేను కిలోల మూటతో వచ్చేవాళ్లు. భర్త సైకిల్ మీద ఇంకో సంచి. కాటా ముల్లు ఆగకముందే అందరి కళ్లూ దానిమీదే. ఒక పెద్దావిడ నన్ను అడిగింది, ఇంత పప్పు పెట్టుకుని మీరేం చేస్తారయ్యా అని. రోజూ తింటామమ్మా అన్నాను. రోజూనా అని పక్కావిడ వైపు తిరిగి మకువా భాషలో ఏదో అంది, ఇద్దరూ పడీపడీ నవ్వారు. వాళ్లు వేసుకునే బజ్జీ కూడా బొబ్బర్లతో చేస్తారు, పేరు "బజియా", రొట్టెలో పెట్టుకుని తింటారు. పేరు మనది, తినే పద్ధతి పోర్చుగీసుది.

ఆ ధర చూసి 2016లో అందరూ కంది వేశారు. ఇక్కడ మనవాళ్లూ వేశారు. పంట చేతికొచ్చేసరికి తాండూరులో కంది ధర క్వింటాలు మద్దతు ధర 5,050 కంటే కిందికి పడిపోయి రైతులు గగ్గోలు పెట్టారు. 2017 ఆగస్టులో ఢిల్లీ దిగుమతులకి పరిమితి పెట్టింది. ఒప్పందం వాటా ఉంది కానీ, ఎవరికి ఎంత అనేది తేలేసరికి మా గోదాములో సంచులు కప్పుదాకా వచ్చాయి, పురుగు పట్టకుండా మాత్రలు పెట్టి తలుపులు మూసేవాళ్లం. కొనడం ఆపేశాం. చింతచెట్టు కిందికి ఆ పెద్దావిడ మళ్లీ వచ్చింది, నేను తల దించుకుని కాటా విప్పుకుని వచ్చేశాను. అడవిదారిలో ఆ మూట వెనక్కి మోసుకెళ్లడం చూశాను, ఇంకా కళ్లముందే ఉంది. తాండూరు రైతుని కాపాడొద్దని నేను అనను. కానీ మాట ఇచ్చింది కూడా మనమే.

అంతా బయటివాళ్ల పాపమేనా అంటే కాదు. ఆ గెబూజా 2005లో అధ్యక్షుడయ్యాడు. 2013, 14లలో, ట్యూనా చేపల పడవలు, తీర రక్షణ అని చెప్పి, పార్లమెంటుకి తెలియకుండా మూడు కంపెనీల పేరున దాదాపు 200 కోట్ల డాలర్ల అప్పు చేశారు. 2016లో బయటపడింది. దాతలు చేతులెత్తేశారు, ఐఎంఎఫ్ తలుపేసింది, వాళ్ల కరెన్సీ మెటికాల్ విలువ సగానికి పడింది. నా జీతం మెటికాల్లోనే, ఇంటికి పంపే డబ్బు ఏడాదిలో సగమైంది, మా ఆవిడ నమ్మలేదు, ఎక్కడ ఖర్చుపెడుతున్నావని రోజూ టెన్షన్. గెబూజా కొడుక్కి 12 ఏళ్ల శిక్ష పడింది. అప్పటి ఆర్థిక మంత్రి మాన్యుయెల్ షాంగ్‌కి న్యూయార్క్ కోర్టు 2025 జనవరిలో ఎనిమిదిన్నర ఏళ్లు వేసింది. పడవలు మాత్రం మపూటో రేవులో తుప్పు పట్టాయి.

దేశం పేదది కాదు. టెటేలో బొగ్గు ఉంది, అక్కడి బెంగా గని 2014లో కొన్న కంపెనీలో మన విశాఖ ఉక్కు కూడా భాగస్వామి. కాహోరా బస్సా డ్యాంలో 2,075 మెగావాట్ల కరెంటు, ఎక్కువ భాగం దక్షిణాఫ్రికాకే, పక్క ఊళ్లలో కిరసనాయిలు దీపాలు. ఉత్తరాన కాబో డెల్గాడోలో కెంపులు, సముద్రంలో గ్యాస్, ఆ గ్యాస్‌లో ఒక బ్లాకులో మన ప్రభుత్వ కంపెనీలకి 30 శాతం. 2017 అక్టోబర్‌లో అదే జిల్లాల్లో కుర్రాళ్లు జిహాద్ పేరుతో కత్తులు పట్టారు. మతం ఉంది, సరే. కెంపులు తవ్వుకుంటుంటే తరిమేసిన కోపమూ ఉంది, గ్యాస్ కోసం ఖాళీ చేయించిన పల్లెలూ ఉన్నాయి. నేను వచ్చేసే నాటికే నంపులాలో బంధువుల ఇళ్ల వరండాలు అటునుంచి పారిపోయి వచ్చినవాళ్లతో నిండాయి. 2021 మార్చిలో పాల్మా ఊరి మీద పడ్డాక గ్యాస్ పని ఏళ్ల తరబడి ఆగిపోయింది.

ఫ్రెలిమో 1975 నుంచి దిగలేదు. 2024 అక్టోబర్ ఎన్నికల్లో మోసం జరిగిందని కుర్రాళ్లు రోడ్డెక్కారు, మూడు వందల మందికి పైగా చనిపోయారని అక్కడి పౌర సంఘాలు లెక్కకట్టాయి. రాత్రి తొమ్మిదికి కిటికీల్లో నిలబడి గిన్నెలు, మూకుళ్లు మోగించేవాళ్లు. ఆ చప్పుడు రికార్డు చేసి మా డ్రైవర్ నాకు పంపాడు, చివర్లో వాడి చిన్న కూతురు "నాన్నా నేనూ కొడతా" అని గోల. గిన్నె ఎందుకు కొడుతున్నారో దానికి తెలియదు.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలు అయ్యాక, ఈసారి అత్తగారి ఊళ్లో కంది వేయమంటావా అని అడిగాడు. ఢిల్లీలో ఏం అనుకుంటున్నారో కనుక్కుని చెప్తానన్నాను.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ అడగండి.