బెణికిన కాలికి మర్దనా ఒక్కటే చాలదండి, అలాగని వద్దనీ కాదు

ఫిజియోథెరపీకి వెళ్లాలా, మర్దనా చేయించుకుంటే సరిపోద్దా అని తెగ అడుగుతున్నారండి. ఏదో ఒకటి చాలన్నట్టు అడుగుతుంటే నాకు నిజంగా బాధేస్తది, ఎందుకంటే ఆ రెండూ చేసే పనులే వేరు.

మన కాలవ సంగతే తీసుకోండి. కొబ్బరితోటలో బోదె దాటుతుంటే కాలు మడత పడింది, చీలమండ బయటివైపు లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ, సాగిపోయో చిరిగో ఉంటది, అంటే కాలవ గట్టుకి గండి పడింది. గండి పడితే ముందు పైన లాకు దగ్గర తలుపులు దించి నీళ్లు తగ్గిస్తారు కదా, ఇక్కడా మొదటి రెండు మూడు రోజులు అదే పని, కాలు ఎత్తులో పెట్టి క్రేప్ బ్యాండేజి కట్టి దానిమీద బరువు తగ్గించాలి. ఆ టైంలో వేడి తైలం పోసి వాపు మీద బలంగా తోమేస్తే గండిలోకి దిగి ఇంకా తవ్వినట్టే, లోపల రక్తం ఊరి వాపు పెరుగుద్ది. అసలు 4 అడుగులు కూడా వేయలేకపోతే ముందు ఎక్స్‌రే తీయించండి, విరిగిందేమో.

ఆ తర్వాతే మర్దనా. దెబ్బ తిన్న కీలుని కాపాడుకోడానికి చుట్టూ కండరాలు బిగుసుకుపోతాయండి, పిక్క పట్టేస్తది, నడక మారిపోద్ది. కాలవ నిండా గుర్రపుడెక్క పట్టేసినట్టు. పిక్కకీ పాదానికీ తేలిగ్గా మర్దనా చేస్తే నొప్పి తగ్గి కీలు కదులుద్ది. కానీ డెక్క తీసేసినంత మాత్రాన గట్టు బలపడదు కదా! ఆ హాయి కాసేపే, లిగమెంట్‌కి బలం రాదు. మన కోనసీమలో చాలామంది ఇక్కడితో ఆపేసి, నొప్పి పోయిందిగా అని దింపు తీయడానికి చెట్టెక్కేస్తారు, మళ్లీ అదే చీలమండ మడత పడుద్ది. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణికే అవకాశం ఎక్కువండి, దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి.

గట్టు వేసేది ఫిజియోథెరపీలో చేయించే ఎక్సర్‌సైజు. మట్టంతా ఒకేసారి కుమ్మరిస్తే గట్టు నిలబడదు, పొరపొరకీ దిమ్మిస కొట్టాలి. చిరిగిన లిగమెంట్‌లో కొత్తగా పుట్టే కొల్లాజెన్ పోగులు, అంటే దాన్ని అతికించే నారలు, మొదట్లో అడ్డదిడ్డంగా ఉంటాయి, కొద్దికొద్దిగా బరువు పడుతుంటే లాగుడు వచ్చే వైపుకి సర్దుకుని గట్టిపడతాయి. ఇది నెలల పని, వాపు తగ్గిన రోజుతో అయిపోయేది కాదు. అందుకే ముందు మర్దనా, కీలు వదులైన వెంటనే అదే సిట్టింగ్‌లో ఎక్సర్‌సైజు. మర్దనా చేసేసి ఇంటికి పంపేస్తుంటే, ఎక్సర్‌సైజులు ఎప్పుడు మొదలెడతారని మీరే గట్టిగా అడగండి.

ఆ ఎక్సర్‌సైజుల వరస గబగబా చెప్పేస్తా. మొదట బొటనవేలితో గాల్లో అఆలు రాయడం, తర్వాత రబ్బరు బ్యాండుతో పాదం నాలుగువైపులా లాగడం, ఆ తర్వాత గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడటం, చివర్లోనే గెంతులు. నొప్పి పెరిగితే ఒక మెట్టు కిందకి దిగండి.

రెండు చోట్ల మాత్రం మర్దనా అస్సలొద్దు. ఒకటి, పిక్క వాచి వేడిగా ఉండి నొప్పిగా ఉంటే, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతో మంచం మీద ఉన్న తర్వాతో అయితే, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, తోమితే అది ఊడి ఊపిరితిత్తులకి పోయే ప్రమాదం ఉంది. రెండోది పిల్లల మోచెయ్యి, పడి దెబ్బ తగిలిందని నూనె రాసి లాగి తోమించారంటే కండరంలోనే ఎముక పెరిగి చెయ్యి వంగకుండా బిగుసుకుపోవచ్చు. తైలం సీసా పక్కన పెట్టి నేరుగా ఎముకల డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి.