పెన్సిలిన్: బూజు కనిపించాక మందు కావడానికి పట్టిన కాలం

[దృశ్యం: గాజు పళ్లెంలో బాక్టీరియా, ఒక అంచున బూజు, దాని చుట్టూ ఖాళీ వలయం]

1928 సెప్టెంబరులో, సెలవుల నుంచి లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రికి తిరిగివచ్చిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, తాను స్టాఫిలోకాకస్ బాక్టీరియాను పెంచుతున్న పళ్లేలలో ఒకదానికి బూజు పట్టి ఉండటాన్నీ, ఆ బూజు దరిదాపుల్లో బాక్టీరియా నశించి ఉండటాన్నీ గమనించారు. యాంటీబయాటిక్‌ల కథను చాలామంది ఇక్కడే ముగిస్తారు. నిజానికి ఆనాడు దొరికింది మందు కాదు, మందు ఉండవచ్చుననే ఆధారం. బూజు స్రవించే పదార్థానికి పెన్సిలిన్ అని పేరు పెట్టి ఫ్లెమింగ్ 1929లో పరిశోధన పత్రం ప్రచురించారు. అయితే అది ద్రవంలో అత్యల్పంగా ఉండటం వల్లనూ, వేరుచేయబోతే చెడిపోవడం వల్లనూ, చికిత్సకు పనికివచ్చే రూపంలోకి రాలేదు.

[దృశ్యం: ఆక్స్‌ఫర్డ్ ప్రయోగశాల]

ఆ పనిని దశాబ్దం తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్‌ల బృందం చేపట్టింది. ఇందులో అసలు చిక్కుముడి విప్పినది, అంతగా పేరు రాని నార్మన్ హీట్లీ అని చెప్పడం న్యాయం. ఆమ్లగుణం గల ద్రవం నుంచి పెన్సిలిన్‌ను ఈథర్ వంటి ద్రావణిలోకి లాగి, అక్కడి నుంచి స్వల్ప క్షారగుణం గల నీటిలోకి తిరిగి రాబట్టవచ్చని సూచించినది ఆయనే; ఇలా చేతులు మారే క్రమంలో మలినాలు చాలావరకు వెనుకబడిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు కొరత వల్ల బూజును పెంచడానికి ఆసుపత్రి బెడ్‌పాన్‌లను సైతం వాడవలసి వచ్చింది. 1940 మే 25న, ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాను ఎక్కించిన 8 చుంచెలుకలలో నాలుగింటికి పెన్సిలిన్ ఇవ్వగా, మందు అందని నాలుగూ తెల్లవారేలోగా చనిపోయాయి.

1941 ఫిబ్రవరిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఉన్న ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు ఉద్యోగికి దీనిని ఇచ్చారు. ఆయన కోలుకోసాగారు, కానీ మూత్రం నుంచి మందును తిరిగి వేరుచేసి ఎక్కించినా నిల్వలు సరిపోక, మార్చిలో మరణించారు. మందు పనిచేయక కాదు, చాలక.

అదే ఏడాది ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్లారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా ప్రయోగశాలలో, పిండి తయారీలో మిగిలిపోయే మొక్కజొన్న నానిన ద్రవాన్ని బూజుకు ఆహారంగా ఇస్తే దిగుబడి ఎన్నో రెట్లు పెరుగుతుందని తేలింది. లోతైన తొట్లలో పులియబెట్టే పద్ధతి కూడా తోడై, 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగే నాటికి గాయపడిన సైనికులకు సరిపడా పెన్సిలిన్ సిద్ధమైంది.

[దృశ్యం: బాక్టీరియా కణకవచం చిట్లే యానిమేషన్]

బాక్టీరియా తన కణకవచాన్ని కట్టుకోకుండా పెన్సిలిన్ అడ్డుపడుతుంది. మనిషి కణాలకు అటువంటి కవచం లేదు గనుక అవి దెబ్బతినవు. ఈ తేడా వల్లనే న్యుమోనియా, సిఫిలిస్ వంటి వ్యాధుల చికిత్స మారిపోయింది. ఇన్ఫెక్షన్ భయంతో వెనుకాడిన శస్త్రచికిత్సలకూ, ఆ తరువాత అవయవ మార్పిడికీ, వ్యాధినిరోధక శక్తిని కుంగదీసే కీమోథెరపీకీ దారి ఏర్పడింది.

అయితే బాక్టీరియా ఊరుకోలేదు. పెన్సిలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్‌ను, ఆ పోలీసు ఉద్యోగికి చికిత్స జరగకముందే, 1940లోనే ఎడ్వర్డ్ అబ్రహాం, చెయిన్ గుర్తించారు. నేడు పెన్సిలిన్ కోవకే చెందిన అమాక్సిసిలిన్ మందుతో కలిపి క్లావులానిక్ ఆమ్లాన్ని ఇచ్చేది అటువంటి ఎంజైమ్‌లను అడ్డుకోవడానికే.