గింజకు కాలం ఎలా తెలుస్తుంది?

అందరికీ నమస్కారం.

చెట్టు గింజ అనగానే మనకు మొలక గుర్తొస్తుంది. నేను మాత్రం మొలవకపోవడం గురించి మాట్లాడదామని వచ్చాను. తడి తగిలిందే తడవుగా మొలిచేసే గింజకు అకాలపు జల్లు ఒక్కటి చాలు. మర్నాటి ఎండకు మాడిపోతుంది.

అందుకే కాయ ముదిరే రోజుల్లోనే ఏర్పాటు మొదలవుతుంది. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ లోపలి పిండాన్ని ఎదగనివ్వకుండా ఆపుతుంది. తర్వాత చాలా జాతుల్లో గింజ ఎండుతుంది. అంత నీరు పోతే మామూలు కణం చచ్చిపోవాలి. గింజలో చక్కెరలు, కొన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లు కణాలను కాపాడతాయి.

ఇక ఎదురుచూపు. ఆపిల్ గింజనే తీసుకోండి. 5 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే చలిలో, తడి మీద, వారాల తరబడి ఉంటేనే అది కదులుతుంది. ఎండు గింజను ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు పెట్టినా లాభం లేదు. నానిన గింజకు తగిలిన చలే లెక్కలోకి వస్తుంది. ఆ చలిలో అబ్సిసిక్ ఆమ్లం పట్టు సడలి, మొలకెత్తించే జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోన్‌ది పైచేయి అవుతుంది. శిశిరం మధ్యలో నాలుగు రోజులు వెచ్చబడితే మనం మోసపోతామేమో, అది మోసపోదు.

టేకుది మరో పద్ధతి. కాయను చేతిలోకి తీసుకుంటే పైన ముతక నూగు పొర, దాని కింద రాయిలాంటి టెంక. పగలగొడితే నాలుగు గదులు, వాటిలో ఒకటో రెండో గింజలు, ఒక్కోసారి ఏమీ ఉండవు. నర్సరీవాళ్లు ఈ కాయల్ని రాత్రి నానబోసి, పగలు ఎండబెట్టి, మళ్లీ నానబోస్తారు. అడవిలో ఆ పని ఎండా వానా కలిసి చేస్తాయి. అయినా ఒకే చెట్టు కింద రాలిన కాయలన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని మరుసటి వానాకాలం దాకా ఆగుతాయి. నన్నడిగితే ఇంతకు మించిన బీమా లేదు.

ఎంతకాలం ఆగగలవంటారా? ఇజ్రాయెల్‌లోని పురాతన మసాడా కోట తవ్వకాల్లో 1960లలో దొరికిన ఖర్జూర గింజల్లో ఒకటి, 2005లో నాటితే మొలిచింది. దాని వయసు దాదాపు 2000 ఏళ్లు. ఇది గింజ గొప్పతనం ఎంతో, అక్కడి పొడి వాతావరణం చలవా అంతే.

సాల వృక్షం దగ్గరికొస్తే ఈ లెక్కంతా తలకిందులు. దాని గింజకు ఆగడం చేతకాదు. వేసవి చివర్లో, తొలకరికి కాస్త అటూ ఇటూగా, ఐదు రెక్కల కాయలు గాలికి గిరగిరా తిరుగుతూ రాలతాయి. వారం పది రోజుల్లో తడి దొరక్కపోతే గింజ చచ్చినట్టే. వానలు ఆలస్యమైతే ఆ ఏటి పంట చాలావరకు నేలపాలు.

దొరికితే వెంటనే వేరు దిగుతుంది, ఆ తర్వాతే ఆకు. కానీ అక్కడా తొందరేం లేదు. ఎండాకాలం వచ్చేసరికి పైకొమ్మ ఎండిపోతుంది, వేరు బతికే ఉంటుంది. వానలకు మళ్లీ చిగురు, వేసవికి మళ్లీ ఎండు. ఏళ్లకేళ్లు ఇదే తంతు. గింజ ఆగలేని కాలాన్ని వేరు ఆగుతుంది. ఒకనాటికి దుంపలా లావెక్కిన ఆ వేరు, ఎండకు చావనంత బలమైన కొమ్మను పైకి పంపుతుంది. మనం మొక్క అని చూసేసరికి దాని వేరుకు ఎన్నేళ్లో పైనుంచి చూసి చెప్పలేం.