ఒక పువ్వు, మూడు లెక్కలు

అందరికీ నమస్కారం. ముందుగా ఒక లెక్కతో మొదలుపెడతాను.

యూరప్‌లోనూ మధ్యధరా సముద్రం చుట్టుపక్కలా పచ్చిక నేలల్లో ఆఫ్రిస్ అనే ఆర్కిడ్ రకం పూలమొక్క పెరుగుతుంది. అందులో ఎన్ని జాతులున్నాయి? బెల్జియంకు చెందిన ఆర్కిడ్ల నిపుణుడు పియర్ డెల్‌ఫోర్జ్ 250 పైచిలుకు అన్నారు. పెడర్సన్, ఫౌర్‌హోల్ట్ అనే ఇద్దరు 2007లో 19కి కుదించారు. 2018లో రిచర్డ్ బేట్‌మన్ బృందం డీఎన్ఏ పరీక్షించి, గట్టిగా నిలబడేవి 9 అంది. మొక్కలు మాత్రం అవే!

తేడా ఎక్కడొచ్చిందో తెలియాలంటే ఈ పువ్వు చేసే మోసం తెలియాలి. ఆఫ్రిస్ తేనె ఇవ్వదు. దాని కింది రేకు నూగుతో ఆడ తేనెటీగలా ఉంటుంది. మగ ఈగ వచ్చి దానితో జతకట్టబోతుంది. ఆ గింజులాటలో పుప్పొడి ముద్దలు దాని తలకో, కొన్ని పూలలోనైతే పొట్ట చివరకో అంటుకుంటాయి. మోసపోయింది చాలక ఇంకో పువ్వు దగ్గరా మళ్లీ మోసపోతుంది. మనం నవ్వుకోనక్కర్లేదు, మనకూ రోజూ జరిగేదే.

రూపం కన్నా వాసనే ముఖ్యం. ఆండ్రీనా అనే అడవి తేనెటీగల్లో ఒక రకం ఆడ ఈగ ఒంటిమీద ఉండే మైనపు పదార్థాలే స్ఫిగోడెస్ అనే ఆఫ్రిస్ పువ్వులోనూ ఉన్నాయని 1999లో షీస్టల్ బృందం చూపించింది. ఆ పదార్థాల్లో కార్బన్ పరమాణువుల మధ్య ఉండే ఒక జంట బంధం చోటు మారితే చాలు, వేరే ఈగ వస్తుంది. దానికి ఒకటి రెండు జన్యువులు మారినా సరిపోతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. ఈగ వేరైతే జాతి వేరు అనేవాళ్లకు 250 కనిపిస్తాయి. మొత్తం డీఎన్ఏ చూసేవాళ్లకు, పక్కపక్కన పెరిగే రెండు 'జాతులు' ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. అప్పుడప్పుడు ఈగ పొరబడుతుంది, సంకరం పుడుతుంది, ఆ గీత కాస్తా చెరిగిపోతుంది. నా మొగ్గు తక్కువ లెక్క వైపే. అయితే ఎక్కువ చెప్పేవాళ్లను పేర్ల పిచ్చివాళ్లని కొట్టిపారేయలేను. ఈగకు తెలిసిన తేడా నిజమైన తేడాయే. దాన్ని జాతి అనాలా, ఉపజాతి అనాలా అన్నదే తగువు.

ఆ తగువు కాగితం మీదే ఆగదు. కోట్షీ అనే ఆఫ్రిస్‌ను విడిగా లెక్కిస్తే అది సైప్రస్ ద్వీపంలో తప్ప ఇంకెక్కడా లేదు. క్రీట్ ద్వీపంలోని దాని చుట్టాన్ని ఉపజాతిగా కలిపేస్తే, రాత్రికి రాత్రే దాని సరిహద్దు సముద్రం దాటిపోతుంది. ఏది అరుదైనదో, దేన్ని ముందు కాపాడాలో తేల్చేవాళ్లు చూసేది ఈ జాబితానే.

పేరు గొడవ వేరు, అది సులువుగా తేలుతుంది. సామర్లకోటలో ఏళ్లపాటు పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన చెట్లమీద పెరిగే ఒక ఆర్కిడ్‌కు 1795లో ఎపిడెండ్రమ్ టెసెల్లేటమ్ అని పేరిచ్చారు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త దాన్నే వాండా రాక్స్‌బర్గీ అన్నారు. మొదట పెట్టిన పేరుకే హక్కు కాబట్టి ఇప్పుడది వాండా టెసెల్లేటా. రాక్స్‌బర్గ్ పేరు పోయింది, ఆయన పెట్టిన పేరు మిగిలింది. మన పల్లెల్లో చెట్టుమీద చెట్టు మొలిస్తే చాలావరకు బదనికే అనేస్తారు. అందరికన్నా తక్కువ లెక్క వాళ్లదే!

ఇక ఎపిఫెరా అనే ఆఫ్రిస్ సంగతి. ఆ పేరుకు తేనెటీగను మోసేది అని అర్థం. ఇంగ్లాండ్‌లో ఈ పువ్వు ఈగ కోసం ఎదురుచూడదు. పుప్పొడి ముద్దలు కాడల మీద వంగి, గాలికి ఊగి, అదే పువ్వు కీలాగ్రానికి తగులుతాయి. డార్విన్ దీన్ని చూసి తెగ ఆశ్చర్యపోయారు. ఈగను బట్టి జాతిని తేల్చేవాళ్లు ఇక్కడ ఏ ఈగను పిలవాలో నాకు తోచదు.

లైట్లు ఆపితే ఫొటోలు చూపిస్తాను. కింద పేర్లు వేయలేదు. ఎన్ని రకాలున్నాయో మీరే లెక్కపెట్టి చెప్పండి.