తొంభై రెట్లా, ఏడు రెట్లా?

అందరికీ నమస్కారం.

1987 ఫిబ్రవరిలో మాస్కో నుంచి వెలువడే 'నోవీ మీర్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసింది ఇద్దరు: పాత్రికేయుడు వసీలీ సెల్యూనిన్, సైబీరియాలో పనిచేసే ఆర్థికవేత్త గ్రిగొరీ ఖానిన్. 1928 నుంచి 1985 దాకా సోవియట్ జాతీయాదాయం దాదాపు 90 రెట్లు పెరిగిందని సర్కారు లెక్క. కాదు, ఏడు రెట్లు కూడా దాటలేదన్నారు వీళ్లు. ఏటా 8 శాతం పైన పెరిగిందన్న దేశం మూడున్నర శాతమైనా పెరగలేదన్నమాట!

ఖానిన్ చేతిలో రహస్య పత్రాలేమీ లేవు. సర్కారు అచ్చేసిన గణాంకాలనే ముందేసుకుని, రూబుళ్లను పక్కనపెట్టి టన్నులు, కరెంటు యూనిట్లు చూసుకుంటూ పోయాడు. మతలబంతా రూబుళ్లలోనే ఉంది మరి. ఒక లేత్ మెషీన్ల ఫ్యాక్టరీ ఉందనుకోండి. పైనుంచి వచ్చే టార్గెట్ రూబుళ్లలో ఉంటుంది. పాత మోడల్ ధర పెంచనివ్వరు. డైరెక్టరు ఏం చేస్తాడు? రెండు మీటలు మార్చి, కొత్త మోడలంటూ దానికి రెట్టింపు ధర రాబడతాడు. మెషీన్లు అన్నే, చేసే పనీ దాదాపు అంతే. కానీ మాస్కో చేరేసరికి అది ఉత్పత్తిలో పెరుగుదల అయి కూర్చుంటుంది. ధరలే పెరగవని చెప్పుకునే దేశంలో, పెరిగిన ధరలు అభివృద్ధి ఖాతాలో పడ్డాయి. ఖానిన్ ఏ ఒక్క పద్ధతినీ గుడ్డిగా నమ్మలేదు. ఒకే రంగాన్ని వేర్వేరు దారుల్లో లెక్కగట్టి సరిచూసుకున్నాడు.

అక్కడ లెక్కలు వేయడం ఒకప్పుడు ప్రాణం మీదికి తెచ్చే పని. 1937 జనాభా లెక్కల్లో 16 కోట్ల 20 లక్షల మంది తేలారు. 1934లోనే 16 కోట్ల 80 లక్షలని స్టాలిన్ చెప్పేసి ఉన్నాడు. 1932–33 కరువు లక్షలమందిని మింగిన సంగతి ఆ అంకెలో బయటపడింది. లెక్కల్ని తొక్కిపెట్టారు, చేయించిన అధికారుల్ని అరెస్టు చేశారు, కొందరిని కాల్చేశారు. 1939లో మళ్లీ లెక్కించి 17 కోట్లన్నారు. ఖానిన్ నాటికి ఆ భయం తగ్గింది. అయినా ఇలాంటి మాట మామూలు పాఠకుల చేతికి రావడానికి దేశ నేతగా గోర్బచోవ్ రావలసి వచ్చింది.

మన ఊళ్లకూ సోవియట్ ప్రచార పత్రిక 'సోవియట్ భూమి' వచ్చేది. అందులోని అంకెల్ని మన పెద్దవాళ్లు నమ్మారని నవ్వుకోకండి. అమెరికా సీఐఏ కూడా ఖానిన్ కన్నా ఎక్కువ పెరుగుదలే లెక్కగట్టింది. టన్నులు చూస్తే నాణ్యతలో నిజంగా వచ్చిన మెరుగు జారిపోతుందన్న అభ్యంతరమూ ఉంది, అందులో న్యాయం లేకపోలేదు. కాస్త సర్దుబాటు చేసుకోవచ్చు. అయితే సీఐఏ లెక్కనే తీసుకున్నా, అది తొంభై రెట్ల దరిదాపులకు రాదు.