బూతు రాసినవాడే నయం

శ్రోతలందరికీ నమస్కారం.

రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి గారు 1894లో మన బరంపురంలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఎవరైనా రాయగల, మార్చగల వికీపీడియాలో ఆయన గురించి రాసిన పేజీలో పని లేనివాడెవడో ఒక బూతు మాట చేర్చాడనుకోండి. చదివిన మొదటి మనిషికే దొరికిపోతాడు. అలా కాకుండా 1894ని 1898 చేసి చల్లగా జారుకుంటే? ఎవరికి అనుమానం వస్తుంది? నన్నడిగితే బూతు రాసినవాడే నయం.

ఇలాంటివి పట్టుకునేది జీతం లేని మనలాంటి వాళ్లే. ప్రతి పేజీకీ ‘చరిత్ర’ ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ అక్షరం మార్చారో అన్నీ అందులో ఉంటాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. రద్దు నొక్కితే పాతది తిరిగొస్తుంది. పదేపదే పాడుచేసేవాణ్ణి నిర్వాహకులు నిరోధిస్తారు, అవసరమైతే పేజీకి కొన్నాళ్లు తాళం వేస్తారు.

అయితే ముందు ఎవరో ఒకరు చూడాలి కదా! 2005లో జాన్ సీగెన్‌తాలర్ అనే అమెరికా పత్రికా సంపాదకుడికి కెనడీ హత్యతో సంబంధం ఉందన్నట్టు ఒకడు సరదాకి రాసిపెట్టాడు. అది నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. అందుకే మన ఊరి పేజీ, మన జిల్లా పేజీ వీక్షణ జాబితాలో పెట్టుకోండి. వాటిలో ఎవరు చెయ్యిపెట్టినా ఆ జాబితా తెరవగానే కనిపిస్తుంది. తప్పు కనిపిస్తే సరిచేసి ఊరుకోండి. వాడితో వాదానికి దిగారా, వాడికి పండగే.

మన సరిహద్దులో ఇంకో చిక్కుంది. కోటియా గ్రామాలు ఒడిశావా, ఆంధ్రావా? సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గొడవ ఇది. పొట్టంగి కుర్రాడు ఒడిశా అని మారుస్తాడు, సాలూరు కుర్రాడు ఆంధ్రా అని మారుస్తాడు. ఇద్దరూ తాము రాసిందే నిజమని నమ్ముతున్నారు. వాళ్లను అల్లరివాళ్లంటే ఎలా? ఇంగ్లీషు వికీపీడియాలోనైతే 24 గంటల్లో ఒకే పేజీని మూడుసార్లకు మించి వెనక్కి తిప్పినవాణ్ణి, చెప్పేది నిజమే అయినా, ఆపేస్తారు. ఇలాంటి గొడవలో పనికొచ్చేది రద్దు మీట కాదు, ఆ పేజీకి ఉండే చర్చ పేజీ. అక్కడ మాట్లాడుకుని, రెండు రాష్ట్రాల వాదనలూ ఆధారాలతో రాయాలి.

అలా రాస్తే ఇటు పొట్టంగి వాళ్లకూ కోపమే, అటు సాలూరు వాళ్లకూ కోపమే. రానివ్వండి.

నమస్కారం.