స్విండన్‌లో మా నాన్నకి దొరికిన క్వార్టర్స్
హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇంగ్లండ్‌లోని స్విండన్ చూపించండి అని మీరు అడిగినప్పుడల్లా వాయిదా వేస్తూ వచ్చాను. ఈ ఊరి పేరు చెప్తే ఇక్కడివాళ్లే "రౌండబౌట్లు (గుండ్రటి కూడళ్లు) తప్ప అక్కడేముంది" అని నవ్వుతారు మరి. ఈ వారం నాన్న వచ్చారు. కాజీపేట లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయిన మనిషి. ఇక తప్పలేదు.

ముందు ఆ నవ్వే సంగతి చూసేద్దాం. ఇదే మ్యాజిక్ రౌండబౌట్, 1972లో కట్టారు. ఒకటి కాదండి, ఐదు చిన్న రౌండబౌట్లు గుండ్రంగా పేర్చినట్టు ఉంటాయి. బయట బండ్లు ఒకవైపు తిరుగుతుంటే, లోపలి చుట్టు దానికి ఎదురు తిరుగుతుంది. మొదటిసారి నడిపినప్పుడు నాకు చెమటలు పట్టాయి. నిజానికి ప్రతిచోటా కుడి నుంచి వచ్చేవాళ్లకి దారి ఇస్తే చాలు.

"మన హన్మకొండ చౌరస్తాల పెడితే ఎట్లుంటది బిడ్డా?" అన్నారు నాన్న. మళ్లీ ఆయనే, "వద్దులే" అన్నారు.

అసలు ఊరు స్టేషన్ పక్కన ఉంది. లండన్ ప్యాడింగ్టన్ నుంచి రైల్లో దాదాపు గంట. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1843లో ఇక్కడ వర్క్‌షాప్ తెరిచింది. అంతకుముందు కొండ మీద ఒక చిన్న సంత ఊరు, అంతే. దాన్నే ఇప్పుడు ఓల్డ్ టౌన్ అంటారు. కింద కార్మికుల కోసం కంపెనీ రాతి ఇళ్లు కట్టించింది. వీధుల పేర్లు చూడండి: బ్రిస్టల్, ఎక్సెటర్, టాంటన్, రీడింగ్. రైలు వెళ్లే ఊళ్ల పేర్లే.

నాన్న ఒక గోడ మీద చెయ్యి వేసి, "ఇవి క్వార్టర్సే గదా!" అన్నారు. అంతవరకూ చలి అని గొణుగుతున్న మనిషి మఫ్లర్ తీసేసి ముందు నడిచారు.

1847 నుంచి ఇక్కడి కార్మికుల జీతంలో కొంత కోసి, కుటుంబమంతటికీ డాక్టరు, మందులు చూసుకునే నిధి నడిచింది. దేశం మొత్తానికి ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి సర్కారు వైద్య సేవ, వచ్చింది 1948లో, అంటే నూరేళ్ల తర్వాత! "మాకు రైల్వే హాస్పిటల్ ఉన్నట్టు" అని నాన్న నాకే అర్థం చెప్పారు.

ఇళ్ల నుంచి వర్క్‌షాప్‌కి పట్టాల కింద నుంచి సొరంగం ఉంది, ఇప్పటికీ నడవొచ్చు. మధ్యలో పైన రైలు పోతుంటే నాన్న ఆగి విని, "కరెంటు బండి" అన్నారు. కరెక్టే.

వర్క్‌షాప్ 1986లో మూతపడింది. ఆ షెడ్లలోనే ఇప్పుడు బ్రాండ్ల ఔట్‌లెట్. నేను బూట్ల ధరలు చూస్తుంటే ఆయన ఇనుప స్తంభాలు తట్టి చూస్తున్నారు. సిగ్గేసి, పక్కనే ఉన్న స్టీమ్ మ్యూజియంకి తీసుకెళ్లాను.

అక్కడ 1923లో ఇక్కడే తయారైన కెయిర్‌ఫిల్లీ క్యాజిల్ ఇంజన్ ఉంది. దాని కిందికి దిగి చూడొచ్చు. దిగిన నాన్న దిగినట్టే ఉండిపోయారు! కాసేపటికి వెళ్లి చూస్తే, అక్కడి పెద్దాయన ఒకరితో బ్రేకుల గురించి మాట్లాడుతున్నారు. ఆయన ఇంగ్లిష్‌లో, ఈయన తెలుగులో. మ్యూజియం మూసే టైమైందని చెప్పడానికి వచ్చారట ఆ పెద్దాయన.

ఓల్డ్ టౌన్, లిడియార్డ్ పార్క్ ఇవాళ చూపించలేకపోయానండి, చీకటి పడిపోయింది. బూట్లు కూడా కొనలేదు.